రోడ్డెక్కని బండి

ఎల్.బి.నగర్‌లో మా పెద్దనాయన ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక కారుంది. దాన్ని కారని ఒప్పుకోవడానికి మా పెద్దమ్మ సిద్ధంగా లేదు. "అది కారేంది బిడ్డా, పిల్లి పిల్లల్ని పెట్టే కొట్టం" అంటుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అది కదిలి పదహారేళ్లయింది. టైర్లలో గాలి పోయి ఇటుక దిమ్మెల మీద కూర్చుంది. ఏడాదికి రెండుసార్లు వెనక సీటులో పిల్లి ఈతలవుతాయి. టార్పాలిన్ ఎత్తితే ముందు బయటికొచ్చేది అదే.

మొన్న వేసవిలో ఆ ఇంటిని బిల్డరుకు డెవలప్‌మెంటుకు ఇచ్చారు. పాత ఇల్లు పడగొట్టి అయిదంతస్తులు లేపుతారట. దసరాలోగా ఖాళీ చేయాలి. బీరువాలకు, మంచాలకు, చివరికి పెద్దమ్మ రుబ్బురోలుకు కూడా చోటు దొరికింది. కారుకే దొరకలేదు. తుక్కు కొనే ఆయనొకరు వచ్చి, చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్ మీద వేలితో కొట్టి చూసి, కిలో లెక్కన ఒక ధర చెప్పాడు. పెద్దనాయన ఆయనకు చాయ్ తాగించి పంపాడు. జవాబు మాత్రం ఇవ్వలేదు.

"మా మాట ఇనడు. నువ్వు పేపర్ల రాస్తవ్ కదా, నీ మాటంటే గౌరవం. వచ్చి నాలుగు మాటలు చెప్పిపో" అని పెద్దమ్మ ఫోన్ చేసింది.

ఆ ఆదివారం మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్‌కు మూడో స్టేషనే. 2018 సెప్టెంబరులో ఈ రైలు మొదలు కాకముందు ఇదే దూరానికి కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర మామిడికాయల లారీల మధ్య చెమటలు కక్కుతూ నిలబడేవాళ్లం. ఆ మార్కెట్టూ 2021లో బాటసింగారం వెళ్లిపోయింది. మారనివి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ బోర్డులే. రైలు కిటికీలోంచి చూస్తే మేడల మీద వరసగా ర్యాంకులు వచ్చినవాళ్ల ఫొటోలు కనిపిస్తాయి. రానివాళ్ల ఫొటోలు ఎక్కడా ఉండవు. వాళ్లంతా ఆ బోర్డుల కింద సందుల్లో, హాస్టల్ గదుల్లో, రీడింగ్ రూముల్లో ఉంటారు. మా తమ్ముడు, అంటే పెద్దనాయన కొడుకు, అలాంటి ఒక రీడింగ్ రూములో ఏడేళ్లుగా చదువుతున్నాడు.

నేను వెళ్లేసరికి వాడు ఇంట్లోనే ఉన్నాడు. ఆ మధ్య ఒక పెద్ద పరీక్షలో మొదటి మెట్టు గట్టెక్కాడు. ఇంట్లో స్వీట్లు పంచారు. ఆ తర్వాత ఆ పరీక్షే రద్దయింది. అప్పట్నుంచి వాడు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడం లేదు. "మళ్లీ రాస్తవ్ కదా?" అని ఎవరైనా అడిగితే లేచి బయటికి పోతాడు.

పెద్దనాయన షెడ్డులో ఉన్నాడు. టార్పాలిన్ తీసి, తడిగుడ్డతో కారు అద్దం తుడుస్తున్నాడు. అమ్మబోయే ముందు తుడుస్తున్నాడనుకుని సంబరపడ్డాను. నా ముఖం చూసి ఆయనకు అర్థమైనట్టుంది.

"మీ పెద్దమ్మ పంపిందా?" అన్నాడు. "సరే, చెప్పెటియి చెప్పు. ముందు ఇది చూడు."

అటకలాంటి చెక్క మీంచి ఒక పాత ఫైలు దించాడు. బండి కాగితాలు, పెట్రోలు బిల్లులు, ఒక టెయిల్ లైటు రసీదు. వాటి అడుగున ప్లాస్టిక్ కవరులో ఇంగ్లిషు పత్రిక నుంచి చింపిన కాగితం ఒకటుంది. అందులో ఒక కారు నలుపు తెలుపు ఫొటో. ముక్కు నేలకు వంగి, వెనక్కి పోయేకొద్దీ మెల్లగా వాలిన కప్పుతో, పరిగెత్తబోయే జంతువులా ఉంది. రెండే తలుపులు.

"దీని పేరు లింక్స్. మన బండికి వరసకు తమ్ముడు" అన్నాడు పెద్దనాయన. "తయారు కాలే."

పెద్దనాయన వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. యంత్రాల విషయంలో ఆయన చెప్పేది ఎప్పుడూ నిజమే అయ్యేది. అయినా పేపరు బుద్ధి కదా, ఆఫీసుకొచ్చాక ఆ పేరు పట్టుకుని వెతికాను. వెతికేకొద్దీ అమ్మకం సంగతి వెనక్కి పోయి, ఈ కథ ముందుకొచ్చింది.

ట్రయంఫ్ అనే బ్రిటిష్ కంపెనీ పేరు మన పెద్దవాళ్లకు కొత్త కాదు. 1961 నుంచి మద్రాసులో తయారై మన రోడ్ల మీద తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ అసలు పేరు ట్రయంఫ్ హెరాల్డ్. బానెట్ ఎత్తితే ముందు భాగమంతా మడ్‌గార్డులతో సహా ముందుకు లేచేది, గుర్తుందా? అదే. ఆ ట్రయంఫ్ 1975లో అమెరికా మార్కెట్టు కోసం టి.ఆర్.7 అనే స్పోర్ట్స్ కారు తెచ్చింది. ముందు సన్నగా, వెనక ఎత్తుగా, తలుపు కింద పెట్టే చెక్క మేకులా ఉండేది. ఇద్దరే కూర్చోవాలి. ఓపెన్ టాప్ కార్లను అమెరికా నిషేధిస్తుందన్న భయంతో మొదట కప్పు వేసే అమ్మారు.

ఇద్దరు పట్టే బండి సరే, పిల్లలున్నవాడు ఏం చేయాలి? ఆ ప్రశ్నకు జవాబే లింక్స్. టి.ఆర్.7 ముఖం, తలుపులు అలాగే ఉంచి, ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని సుమారు అడుగు మేర పెంచారు. వెనక రెండు చిన్న సీట్లు పెట్టారు. కప్పును తోక దాకా వాల్చి, అద్దంతో సహా పైకి లేచే డిక్కీ తలుపు బిగించారు. ముందు బానెట్ కింద రోవర్ కంపెనీ వి-8 ఇంజను. మూడున్నర లీటర్ల అల్యూమినియం ఇంజను అది. గేర్‌బాక్సు, వెనక ఇరుసు కూడా రోవర్ నుంచే. 1977లో ఆగిపోయిన ట్రయంఫ్ స్టాగ్ స్థానాన్ని ఇది అందుకోవాలని లెక్క.

నమూనా బండ్లు తయారయ్యాయి. వాటిని నడిపి చూశారు. లివర్‌పూల్ శివారు స్పీక్‌లో టి.ఆర్.7 తయారయ్యే ఫ్యాక్టరీలోనే దీన్నీ కట్టాలనుకున్నారు. పెళ్లి ముహూర్తం పెట్టి, పందిరి వేసినంత దూరం వచ్చింది వ్యవహారం.

పందిరికే నిప్పంటుకుంది. ట్రయంఫ్, రోవర్, ఆస్టిన్, జాగ్వార్ అన్నీ కలిపిన బ్రిటిష్ లేలాండ్ అప్పటికే నష్టాల్లో మునిగి, 1975లో ప్రభుత్వం చేతికి వచ్చింది. స్పీక్ ఫ్యాక్టరీలో యాజమాన్యానికీ కార్మికులకూ క్షణం పడేది కాదు. 1977 నవంబరులో అక్కడ మొదలైన సమ్మె నెలల తరబడి సాగింది. అదే నవంబరులో కంపెనీ పగ్గాలు మైకేల్ ఎడ్వర్డ్స్ చేతికి వచ్చాయి. 1978 ఫిబ్రవరిలో స్పీక్ మూసేస్తున్నట్టు ప్రకటన వెలువడింది. మే నెలకు గేట్లు మూతబడ్డాయి. సుమారు మూడు వేల మంది ఉపాధి పోయింది. టి.ఆర్.7 తయారీని కోవెంట్రీకి తరలించారు. లింక్స్‌ను తరలించే ఓపిక, డబ్బు ఎవరికీ లేకపోయాయి. దాన్ని రద్దు చేశారు.

తర్వాత బ్రాడ్‌సైడ్ అనే పేరుతో టి.ఆర్.7ను మళ్లీ సాగదీసి చూశారు. అదీ నమూనా దగ్గరే ఆగింది. 1981లో టి.ఆర్.7 కథ, 1984లో ట్రయంఫ్ కార్ల కథ ముగిశాయి.

ఇక మా షెడ్డులో కారు ఈ చుట్టరికంలో ఎలా చేరిందంటే, అదో కథ. లింక్స్‌కు ఇంజను, ఇరుసు ఇచ్చిన రోవర్ కారును ఎస్.డి.1 అంటారు. 1976లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది యూరప్‌లో 'కార్ ఆఫ్ ది ఇయర్' అయింది. దాని రూపాన్ని తీర్చింది డేవిడ్ బాష్. ఇంగ్లండులో దాని రోజులు అయిపోవచ్చేసరికి, మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు ఆ బాడీ తెచ్చుకుని 1985లో 'స్టాండర్డ్ 2000' పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. మన గుంతల రోడ్లకని నేల నుంచి ఎత్తు పెంచారు. వి-8 ఇంజను మాత్రం రాలేదు. దాని బదులు తమ దగ్గరున్న పాత వాన్‌గార్డ్ కాలపు ఇంజనునే 1991 సీసీలతో బిగించారు.

ఈ ఇంజనును తక్కువగా చూడనక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కోవెంట్రీలో పుట్టిన ఆ వంశంలో ఒక తమ్ముడు ఫెర్గూసన్ ట్రాక్టరులో చేరి పొలాలు దున్నాడు. ఇంకొకడు 1953లో వచ్చిన ట్రయంఫ్ టి.ఆర్.2లో చేరి రేసులకు వెళ్లాడు. కానీ ముప్పయ్యేళ్ల తర్వాత అంత బరువైన బండిని లాగమంటే ఏం లాగుతుంది? రోవర్‌లో 155 గుర్రాల శక్తి ఉన్నచోట ఇక్కడ 83 ఉంది. రెండు జతల ఎద్దులు లాగే బండికి ఒక్క జత కట్టినట్టు. పైగా రెండు లక్షలు దాటిన ధర. అప్పటికే రోడ్డు మీద మారుతి పరిగెత్తుతోంది. 1988 కల్లా స్టాండర్డ్ 2000 తయారీ ఆగిపోయింది. ఫ్యాక్టరీ మూతబడింది. మిగిలిన విడిభాగాలను తర్వాత ఇంగ్లండుకు చెందిన రిమ్మర్ బ్రదర్స్ అనే సంస్థ కొని, ఓడలో తిరిగి తీసుకుపోయింది. మద్రాసులో మిగిలినవాటితో అక్కడి రోవర్లు బాగుపడ్డాయన్నమాట.

మా పెద్దనాయన 1994లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఈ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మరుసటి ఏడాది టెయిల్ లైటు కోసం మద్రాసు వెళ్లాడు. విడిభాగాల దుకాణంలో సామాను చుట్టడానికి ఉంచిన పత్రికల్లో ఆ ఫొటో కనిపించింది. వెనక ఇరుసు బొమ్మ చూసి గుర్తుపట్టాడట. "ఇది మన బండిదే!" అనుకున్నాడట. దుకాణదారు నవ్వి, ఆ కాగితాన్ని ఊరికే ఇచ్చాడట. టెయిల్ లైటు ఎప్పుడో పగిలిపోయింది. కాగితం మిగిలింది.

ఈ కారులో మేమంతా ఒకసారి యాదగిరిగుట్టకు వెళ్లాం. ఏడుగురం. భువనగిరి దాటాక ఇంజను వేడెక్కి ఆగిపోయింది. మేం చెట్టు కింద పులిహోర తిన్నాం. పెద్దనాయన చొక్కా విప్పి బానెట్ కింద తల పెట్టాడు. ముందు సీట్లో కూర్చున్న తమ్ముడికి అప్పుడు నాలుగేళ్లు. డ్యాష్‌బోర్డు మీద వేరుగా పెట్టిన పెట్టెలాంటి మీటర్లను చూసి, "నాయనా, దీంట్ల రేడియో ఉందా?" అని అడిగాడు. ఆ పెట్టె వెనక సంగతి పెద్దనాయన మొన్న చెప్పాడు. రోవర్ వాళ్లు డ్యాష్‌బోర్డును రెండు వైపులా సమానంగా గీశారు. స్టీరింగ్ లేని వైపు గాలి వచ్చే రంధ్రమే రెండో దేశంలో స్టీరింగ్ కడ్డీ దూరే దారి అవుతుంది. మీటర్ల పెట్టెను అటునుంచి ఇటు మార్చి పెడితే సరి. కుడివైపు నడిపే దేశానికీ, ఎడమవైపు నడిపే దేశానికీ ఒకే డ్యాష్‌బోర్డు.

"ఎంత తెలివి చూడు! గసుంటోళ్లు కట్టిన కంపెనీ కూడా నిలవలే" అన్నాడు.

రెండో ఆదివారం నేను తెలుసుకున్నదంతా ఆయనకు చెప్పాను. తమ్ముడు షెడ్డు గుమ్మం దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. వింటున్నాడని నేననుకోలేదు. లింక్స్ రద్దయిందని చెప్పగానే తలెత్తి, "అంటే బండి బాలేదనే కదా ఆపింది?" అన్నాడు.

పెద్దనాయన వాడి వైపు చూడలేదు. చేతిలో గుడ్డతో అద్దం తుడుస్తూనే ఉన్నాడు.

"బండిల తప్పు లేదురా. కట్టే కార్ఖానే మూతబడ్డది. బండేం జేస్తది?"

కాసేపు ఎవరం మాట్లాడలేదు. బయట హైవే మీద విజయవాడ బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి.

"మరి ఆ బండి ఏమైంది?" అని తమ్ముడు అడిగాడు.

దానికి జవాబు నా దగ్గరుంది. చాలా కంపెనీలు తయారు చేయని నమూనాలను చితగ్గొట్టి తుక్కులో పడేస్తాయి. లింక్స్‌లలో ఒకటి మాత్రం బతికింది. ఇంగ్లండులో వార్విక్‌షైర్‌లోని గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో దాన్ని భద్రంగా ఉంచారు. అమ్ముడుపోయిన లక్షకు పైగా టి.ఆర్.7ల పక్కన ఆ ఒక్క అమ్ముడుపోని కారుకూ చోటిచ్చారు. జనం టికెట్టు కొని చూస్తున్నారు.

"ఉంచిండ్రు" అన్నాన్నేను.

తమ్ముడు ఇంకేమీ అనలేదు. వచ్చి బానెట్ ఎత్తి, లోపలికి తొంగి చూశాడు.

నేను చెప్పడానికి వెళ్లిన నాలుగు మాటలు అలా నోట్లోనే ఉండిపోయాయి. నిజానికి లెక్క ప్రకారం చూస్తే పెద్దమ్మ మాటే సరైనది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాలకే 'వింటేజ్' గుర్తింపు. వాటికి నంబరు ప్లేటు మీద 'వి.ఎ.' అక్షరాలు వస్తాయి. మా కారు 1986ది. 2036 దాకా దానికి ఆ గౌరవం లేదు. రోడ్డు మీదికి రావడానికి వయసు మించిపోయింది, మ్యూజియంలోకి పోవడానికి వయసు చాలదు. అటూ ఇటూ కాని వయసు. ముప్పై దాటిన తమ్ముడు ఆ లెక్క విని మొదటిసారి నవ్వాడు. "నా లెక్కనే ఉందన్నమాట" అన్నాడు.

అమ్మకం గురించి ఆ రోజు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వారం తర్వాత పెద్దనాయనే ఫోన్ చేశాడు. ఆటోనగర్‌లో పాత పరిచయమున్న మెకానిక్ ఒకాయన తన షెడ్డులో ఒక మూల ఇస్తానన్నాడట. నెలకింత అద్దె. "ఇంజను తిరుగుతదో లేదో చూస్త. తిరగకపోతే అప్పుడు ఆలోచిద్దాం" అన్నాడు. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. ఆయన 'చూస్త' అన్నాడంటే చూస్తాడు.

ఒక ఆదివారం తెల్లవారుజామున, ట్రాఫిక్ మొదలు కాకముందే కారును బయటికి తీశాం. అరువు తెచ్చిన టైర్లు బిగించి, పికప్ వ్యానుకు తాడు కట్టారు. తాడుతో లాగే బండికి స్టీరింగ్ పట్టేవాడు కావాలి. పెద్దనాయన తాళంచెవి తీసి, ఏమీ అనకుండా తమ్ముడి చేతిలో పెట్టాడు. బ్రేకులు సరిగా పడవు కాబట్టి హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి ఉంచమని మాత్రం చెప్పాడు.

చింతలకుంట, వనస్థలిపురం దాటి హరిణ వనస్థలి ప్రహరీ పక్కనుంచి మెల్లగా పోయాం. పాలవాళ్లు, వాకింగ్‌కు వచ్చినవాళ్లు ఆగి చూశారు. ఎవరో పిల్లాడు, "డాడీ, ఇది ఏ కారు?" అని అడిగాడు. వాళ్ల నాన్నకూ తెలియలేదు. వెనక ఆటోలో మా పెద్దమ్మ వస్తోంది. ఆమె ఒళ్లో అట్టపెట్టె, అందులో పిల్లీ, మూడు పిల్లలూ.

ఆటోనగర్‌లో ఆగాక తమ్ముడు దిగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, "స్టీరింగ్ మస్తుంది నాయనా" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. పొద్దున రీడింగ్ రూముకు పోయి, సాయంత్రం నాలుగింటికి ఇక్కడికొస్తాడట. కార్బొరేటర్ తనే విప్పుతాడట. పెద్దనాయన తలూపాడంతే.

ఇంజను ఇంకా తిరగలేదు. తిరిగితే చెబుతాను. తుక్కు కొనే ఆయన మొన్న మళ్లీ ఫోన్ చేశాడట. ఈసారి రేటు కొంచెం పెంచాడట కూడా. ఫోను ఎత్తింది పెద్దమ్మ.

"బండి ఊర్లె లేదు" అని పెట్టేసిందట.